టెస్లాలో గరాజ్ ఓపెనర్ పెట్టించుకోవడం దండగా?

మోడల్ వై తీసుకున్నాం, ఇల్లు డాలస్ దగ్గరి ప్లేనోలో, గరాజ్ వెనక అల్లీ (ఇళ్ల వెనకాల సందు) వైపు ఉంది, కారులోంచే గరాజ్ తలుపు తెరిచే హోమ్‌లింక్‌కి అంత డబ్బు పెట్టాలా, మనమే బిగించుకోవచ్చా అని కదా మీరు అడిగింది. మాది పక్కనే రిచర్డ్‌సన్, మాదీ అల్లీ గరాజే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇల్లు ముందువైపు డ్రైవ్‌వే ఉన్నవాళ్ల సలహాలు మనకి సగమే పనికొస్తాయి.

మోడల్ 3 వచ్చిన కొత్తలో ఇది కారుతోపాటే ఉండేది. 2019లో తీసేసి, బిగింపుతో కలిపి 300 డాలర్ల యాక్సెసరీ చేశారు. తర్వాత ధర ఇంకాస్త పెరిగింది. సొంతంగా బిగించుకునే ఆలోచన నేనైతే వద్దంటాను. చూస్తే చిన్న ప్లాస్టిక్ డబ్బా, కానీ కూర్చునేది ముందు బంపర్ వెనకాల. కొత్త కారు బంపర్ సడలించి, క్లిప్పులు విరక్కుండా మళ్లీ పెట్టడం ఒక ఎత్తు. ఆ భాగం ఉందని కారు సాఫ్ట్‌వేర్‌కి తెలియజేయడం ఇంకో ఎత్తు. యాప్‌లో అపాయింట్‌మెంట్ పెడితే మాకు సర్వీస్ మనిషి ఇంటికే వచ్చి, టీ చల్లారేలోపు పని ముగించి వెళ్లాడు.

అసలు లెక్క వేరే ఉంది. ముప్పై డాలర్లు పెడితే వైజర్‌కి (అద్దం పైన ఎండకి అడ్డంగా దించుకునే పలకకి) తగిలించుకునే రిమోట్ వస్తుంది, తలుపు దానితోనూ తెరుచుకుంటుంది. మీరు అదనంగా డబ్బు కట్టేది, ఇంటి దగ్గరికి రాగానే జీపీఎస్ చూసి కారు తనంతట తానే తలుపు తెరవడానికి, బయటికి వెళ్తుంటే మూయడానికి. ఆ రెండింటిలో అల్లీ ఇంటికి పనికొచ్చేది ఏదన్నదే ప్రశ్న.

గరాజ్ మోటార్‌కి వెళ్లే సంకేతం ఒక్కటే. తెరవడానికి ఒకటి, మూయడానికి ఇంకొకటి ఉండవు. తలుపు మూసి ఉంటే తెరుచుకుంటుంది, తెరిచి ఉంటే మూసుకుంటుంది, మూసుకుంటూ ఉంటే వెనక్కి తిరిగి పైకి పోతుంది. హోమ్‌లింక్ సంకేతం పంపుతుంది, అంతే. తలుపు ప్రస్తుతం ఎలా ఉందో కారుకి తెలిసే దారి లేదు.

దీని ఫలితం మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు చూశాం. బండి బయటికి వెళ్లగానే తలుపు వేసేదాకా ఆయనకి నిద్ర పట్టదు. నేను వెనక్కి తీసి అల్లీలోకి తిరిగేసరికి గోడ మీది బటన్ నొక్కేవారు. అదే సమయానికి కారు కూడా "వెళ్లిపోతున్నాం" అని తన సంకేతం పంపేది. దిగుతున్న తలుపు మళ్లీ లేచేది. "ఒరే, మీ మోటార్ పాడైంది, ఎవరినైనా పిలిపించు" అని ఫోన్. మోటార్‌కి ఏమీ కాలేదు, ఒకే తలుపుకి ఇద్దరు కాపలాదారులు, అంతే. ఆటో క్లోజ్ ఆ రోజే ఆపేశాను. ఆయన వెళ్లాక కూడా మళ్లీ పెట్టలేదు, ఎందుకంటే మా ఆవిడకీ అదే అలవాటు.

ఇక అల్లీ చిక్కు. కారు గుర్తుపెట్టుకునేది మ్యాప్ మీద ఒక చోటు, దాని చుట్టూ ఇంత దూరం అని. ఇంటి ముందు వీధికీ వెనక అల్లీకీ తేడా దానికి పట్టదు. ఆ దూరం ఎక్కువ పెడితే, మీరు ముందు వీధిలో ఉత్తరాల డబ్బా దగ్గర ఆగినా వెనక తలుపు తెరుచుకోవచ్చు. అల్లీ వైపు ఏం జరుగుతోందో మీకు కనపడదు కూడా. అందుకని హోమ్‌లింక్ నేర్పించేటప్పుడు కారుని అల్లీలో, గరాజ్ తలుపు ఎదురుగా నిలబెట్టండి, ఆ చోటే గుర్తుంటుంది. దూరాన్ని వీలైనంత తగ్గించండి. చిర్ప్ ఆన్ చేస్తే సంకేతం పంపినప్పుడల్లా కారు చిన్న కూత వేస్తుంది, అనుకోకుండా తెరుచుకుంటే తెలిసిపోతుంది. దగ్గరికి వస్తున్నప్పుడు స్క్రీన్ మీద వచ్చే సందేశాన్ని నొక్కితే ఆ ఒక్కసారికి ఆగుతుంది కూడా. నేను ఆటో ఓపెన్ మాత్రమే ఉంచుకున్నాను. వర్షంలో, చేతుల్లో ఇండియన్ స్టోర్ సంచులు, వెనక సీట్లో నిద్రపోయిన పిల్ల ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

నేర్పించడం కష్టం కాదు, కానీ ఇద్దరుంటే మేలు. పాత రిమోట్‌లో ముందు కొత్త బ్యాటరీ వేయండి. స్క్రీన్‌లో అడిగినట్టు చేస్తూ, కారు ముందు నిలబడి బంపర్ మధ్యకి రిమోట్ చూపించి నొక్కి పట్టుకుంటే, నేర్చుకోగానే హెడ్‌లైట్లు వెలిగి ఆరతాయి. కోడ్ ప్రతిసారీ మారే రకం మోటార్లకి ఇంకో మెట్టు ఉంటుంది: నిచ్చెనెక్కి మోటార్ మీది లెర్న్ బటన్ నొక్కి వదిలేయాలి, అర నిమిషంలోపు కారులోంచి సంకేతం పంపాలి. ఆ బటన్ నొక్కి వదలండి, పట్టుకుని ఉండకండి. కొన్ని సెకన్లు పట్టుకుంటే అందులో ఉన్న రిమోట్లన్నీ చెరిగిపోతాయి. స్క్రీన్‌లో స్టాండర్డ్ పద్ధతి పనిచేయకపోతే, లెర్న్ బటన్ ఉన్న మోటార్లకి అక్కడే ఉండే ఆర్-మోడ్ అనే ఇంకో పద్ధతి ఎంచుకోండి.

ఇంకో దారి మైక్యూ, అంటే ఇంటర్నెట్ ద్వారా గరాజ్ తలుపు నడిపే సర్వీసు. చాంబర్లేన్, లిఫ్ట్‌మాస్టర్ మోటార్లలో చాలావాటికి ఉంటుంది, కారు స్క్రీన్‌లోకి తెచ్చుకోవచ్చు, బంపర్ తీసే పని లేదు. అలా నడుస్తుంది కాబట్టి తలుపు తెరిచి ఉందో మూసి ఉందో చూపిస్తుంది. కానీ చందా కట్టాలి, మొదలైనప్పుడు ఏడాదికి 45 డాలర్లు. పైగా గరాజ్‌లో వైఫై సరిగా అందాలి, మా ఇంట్లో ఆ మూలకి అందదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి మాత్రం, మోటార్ దానికి సరిపోతే, అదే నయం.

మీది సొంత ఇల్లు, కారు ఐదారేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే హోమ్‌లింక్ పెట్టించుకోండి. రెండేళ్లలో మార్చేసేటట్టయితే వైజర్ రిమోట్ చాలు, కాకపోతే కారు బయట ఆపినప్పుడు దాన్ని లోపల వదిలేయకండి, అది ఇంటి తాళం చెవే. కారు అమ్మేటప్పుడు స్క్రీన్‌లోంచి గరాజ్‌ని తీసేయడం మరిచిపోవద్దండీ.