మంచి అద్దెవాళ్లకు ఒకేసారి రెండు వేలు పెంచవచ్చా?

పెంచండి, కానీ ఒకేసారి రెండు వేలు వద్దు. మీ ఇంట్లో మూడేళ్లుగా నెలకి 6,500కి ఉంటున్న కుటుంబాన్ని, బయట రేటు చూసి ఇప్పుడు 8,500 ఇమ్మంటే వాళ్లు వెళ్లిపోతారు.

భీమవరంలో మాకు కింద రెండు పోర్షన్లు, పైన మేము ఉంటాం. అద్దెల వ్యవహారమంతా నాదే. మా ఎదురింటివాళ్లు అచ్చం మీరనుకున్నట్టే 6,500 నుంచి 8,500కి పెంచారు. అద్దెకున్నాయన రొయ్యల మేత కంపెనీలో అకౌంటెంటు, ఒకటో తారీఖు దాటనిచ్చేవాడు కాదు. జ్యేష్ఠం వెళ్లేలోపే సామాను సర్దుకున్నారు. ఆషాఢంలో ఇల్లు మారేదెవరండీ? శ్రావణం సగం గడిచేదాకా ఆ ఇంటికి తాళమే.

ఆ మధ్య నేనూ లోపలికి వెళ్లి చూశాను. బోరు నీళ్ల ఉప్పుకి కుళాయిలు తెల్లగా పొర కట్టి బిగుసుకుపోయాయి. వానలకి బాత్రూం తలుపు ఉబ్బి పట్టేసింది. వంటింటి గోడ చెమ్మెక్కి పెచ్చులు రాలుతోంది. మనుషులు మసిలే ఇల్లు అలా అవుతుందా? చివరికి 7,000కి ఇచ్చారు. రెండు నెలల అద్దె 13,000 పోయింది, నెలకి పెరిగింది 500. ఆ పోయింది రాబట్టుకోవడానికే రెండేళ్లు దాటుతుంది. రంగులు, ప్లంబరు కూలి వేరే. బ్రోకరుకి ఒక నెల అద్దె సమర్పించుకోవడం మరీ అన్యాయం. తలుపు తీసి చూపించడానికి అంత డబ్బా!

ఇంటి పన్ను పెరిగింది కదా అంటారు. నిజమే, 2021లో మన ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పన్నుని అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్కగట్టడం మొదలుపెట్టారు. కానీ ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్నారు. పన్ను వేసేవాళ్లకే ఒక హద్దుంటే మనకి ఉండొద్దా?

ఇక్కడ అందరం 11 నెలల అగ్రిమెంటే రాసుకుంటాం. మళ్లీ రాసుకునేటప్పుడల్లా నేను మూడొందలో, నాలుగొందలో పెంచుతాను. రెండు నెలల ముందే చెబుతాను. మొన్న కింద పోర్షన్ అమ్మాయికి చెబితే, "తెలుసు పిన్నిగారూ, ఇంట్లో లెక్క వేసేసుకున్నాం. ఆ సింకు పైపు ఒక్కటీ మార్పించండి" అంది. మర్నాడే మేస్త్రీని పిలిపించాను.

మీరూ ఈసారికి 500 అడగండి. అంతకంటే ముందు, వాళ్లు చెప్పీ చెప్పీ ఊరుకున్న రిపేరు ఏదైనా ఉంటే చేయించెయ్యండి.