లండన్‌లో ఛారింగ్ క్రాస్ స్టేషన్ దగ్గర ఉన్న రాతి శిలువ పాతదేనా? అసలుది చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

పాతది కాదండీ. స్టేషన్ ముందు మీరు చూసింది 1865లో కట్టింది. అసలుదాన్ని 1647లోనే పార్లమెంటు ఆజ్ఞతో కూల్చేశారు. ఒక రాణి జ్ఞాపకంగా కట్టిన అలాంటి శిలువలు మొత్తం 12 ఉండేవి, ఇప్పుడు మిగిలినవి మూడు. నన్నడిగితే గెడ్డింగ్టన్ వెళ్లండి. నార్తాంప్టన్‌షైర్‌లో కెటరింగ్‌కి దగ్గర్లోని చిన్న పల్లె. మూడింటిలో బాగా నిలిచింది అక్కడిదే.

పెళ్లయి ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో మేము కెటరింగ్‌లో ఉండేవాళ్లం. మొదటిసారి వెళ్లినప్పుడు శిలువ ఏదీ అని వెతుక్కున్నాను. కొనన ఉండాల్సిన శిలువ ఎప్పుడో పోయిందట. ఊరి నడుమ, మెట్ల మీద సన్నగా లేచిన సున్నపురాతి కట్టడం. దానికి నాలుగు కాదు, మూడే ముఖాలు. పైన గూళ్లలో మూడు విగ్రహాలు, మూడూ ఒకావిడవే.

ఆవిడే ఆ రాణి ఎలియనోర్, ఇంగ్లండ్‌ని ఏలిన మొదటి ఎడ్వర్డ్ రాజు భార్య. స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యం ఆడపడుచు. 1254లో, ఇంకా చిన్నపిల్లగా ఉండగానే పెళ్లయింది. 1290 నవంబరు 28న లింకన్ దగ్గర్లోని హార్బీ అనే ఊళ్లో చనిపోయింది. ఆవిడ భౌతికకాయాన్ని లింకన్ నుంచి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్‌కి తీసుకెళ్తూ రాత్రిళ్లు ఎక్కడెక్కడ ఆగారో అక్కడల్లా రాజు ఒక్కో శిలువ కట్టించాడు. బతికుండగా ప్రాణంగా చూసుకున్నాం, పోయాక కూడా ప్రేమించకుండా ఉండలేం అని 1291 జనవరిలో ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతికి రాసింది ఈయనే. అదే 1290లో యూదులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టిందీ ఈయనే. నాకు ఆ రెండూ కలిపే గుర్తొస్తాయి.

కింది భాగంలో రాతినిండా పూల చెక్కడం, మధ్యలో డాళ్లు ఉంటాయి. వాటి దగ్గర కాసేపు ఆగండి. కోట బొమ్మ కాస్టీల్‌ది, సింహం దానితో కలిసిన లియోన్ రాజ్యానిది. ఆవిడ పుట్టింటి గుర్తులు! అత్తగారి దేశంలో, ఒక చిన్న పల్లెలో, ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా పుట్టింటి పేరుతోనే నిలబడి ఉంది. అమ్మ మీద బెంగ పెట్టుకుని ఉన్న రోజుల్లో అది చూసి ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను.

టికెట్ లేదు, గేటు లేదు. లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి కెటరింగ్‌కి నేరుగా రైలుంది, గంట ప్రయాణం. అక్కణ్నుంచి టాక్సీలో వెళ్లొచ్చు. పక్కనే ఐస్ అనే ఏటి మీద పాతకాలపు రాతి వంతెన కూడా ఉంది, పిల్లలుంటే అక్కడికీ తీసుకెళ్లండి.