బంతి కుడికి పోవడానికి కారణం ఎడమ బొటనవేలు కావచ్చు

బాస్కెట్‌బాల్‌లో కుడిచేత్తో వేస్తున్నా బంతి రింగు కుడి అంచుకు తగిలి బయటికి పోతోందని, కోర్టులోకి దిగగానే రింగుకు దూరంగా ఉండే మూడు పాయింట్ల గీత నుంచే మొదలుపెడతానని రాశారు. నా అనుమానం మీ ఎడమ బొటనవేలి మీద. ఎడమ చేయి బంతిని పక్కనుంచి ఆనుకుని ఉండాలి, అంతే. వదిలే క్షణంలో ఆ వేలు నెట్టిందంటే బంతి కుడికి జారుతుంది. బంతి మీది నల్ల గీతలను గమనించండి: సరిగ్గా వెనక్కి తిరుగుతుంటే నిలకడగా కనిపిస్తాయి, వేలు తగిలితే వంకరగా ఊగుతాయి.

ఐదు నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి, మోకాళ్లు, భుజాలు, మణికట్లు కదిలించాక రింగుకు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడండి. ఎడమ చేయి వీపు వెనక్కి పెట్టేసి, కుడిచేత్తోనే వేయండి. మోచేయి రింగు వైపు, వదిలాక వేళ్లు కిందికి. పిల్లల ఆటలా ఉంటుంది, నాకూ మొదట్లో నామోషీగానే అనిపించింది. రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, బంతిది దాదాపు 24. ఎత్తుగా వేస్తేనే ఆ ఖాళీ మీకు పనికొస్తుంది.

వరుసగా పది పడ్డాక ఎడమ చేయి కలిపి, ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ బోర్డు నుంచి 4.6 మీటర్ల దూరంలోని ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) గీతకు చేరండి. మూడు పాయింట్ల గీతను రెండు వారాలు మరచిపోండి.