ప్రభువు బల్లకు దూరంగా గడిపిన నాలుగేళ్లు

మీ ప్రశ్న సారాంశం ఇది: మీరు క్రైస్తవ కుటుంబంలో పుట్టారు, బాప్తిస్మం పొందారు, అయినా ఒకే తప్పును పదేపదే చేస్తున్నారు, కాబట్టి క్రైస్తవుడినని చెప్పుకొనే అర్హత మీకు ఇంకా ఉన్నదా, ఆ తప్పును మానుకొనే మార్గమేమిటి అని అడిగారు. ఆ తప్పు ఏమిటో మీరు రాయలేదు, నేనూ అడగను. మార్గం సంగతి ఎంతవరకు చెప్పగలనో తెలియదు గానీ, ‘అర్హత’ అన్న మాట దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఆ ఒక్క మాటను పట్టుకొనే నేను దాదాపు నాలుగేళ్లు ప్రభువు బల్లకు, అంటే యేసు మరణాన్ని తలచుకొంటూ సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే ప్రభురాత్రి భోజనానికి, దూరంగా ఉన్నాను.

అర్హత అనేది ఉద్యోగానికి, రేషన్ కార్డుకు, బ్యాంకు రుణానికి చూస్తారు. ఇంటిపేరుకు ఎవరూ అర్హత చూడరు. చెన్నైలో స్థిరపడిన తెలుగువారికి ఈ సంగతి మరికొంత బాగా తెలుసు. ఇక్కడి రికార్డుల్లో మా పిల్లల పేర్ల ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. తాతముత్తాతల ఇంటిపేరు ఎక్కడా కనిపించదు. అయినా వారు ఆ ఇంటి పిల్లలు కాకుండా పోలేదు. పరీక్ష తప్పినందుకు ఇంటిపేరు పోదు, మొదటి ర్యాంకు తెచ్చుకున్నందుకు కొత్తగా రాదు. క్రీస్తునందు మనకు కలిగిన గుర్తింపు కూడా ఇటువంటిదేనని నేను నిస్సంకోచంగా చెబుతాను.

మాది గుంటూరు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ అక్కడికి వచ్చిన తరువాత ఏర్పడిన లూథరన్ సంఘంలో మా కుటుంబం నాలుగు తరాలుగా ఉంది. ఉద్యోగరీత్యా చెన్నై వచ్చిన నేను 2015లో జాఫర్‌ఖాన్‌పేటలో, అడయారు నదికి దగ్గరగా, ఒక ఇంటి మొదటి అంతస్తులో అద్దెకు ఉండేవాడిని. ఆ ఏడాది నవంబరు మధ్యలో అక్క ఫోను చేసి, “నాన్నకు ఆయాసం ఎక్కువైందిరా, ఒకసారి వచ్చి చూసి వెళ్లు” అన్నది. అంతకు కొన్ని నెలల ముందు గుంటూరు ఇంటి అమ్మకం విషయమై నాన్నకూ నాకూ మాట పట్టింపు వచ్చింది. ఆయనే ముందుగా నాతో మాట్లాడాలని నేను బిగుసుకొని కూర్చున్నాను. సెలవు దొరకలేదని అక్కకు చెప్పాను. నిజానికి నేను సెలవు అడగనే లేదు. రెండు వారాలు ఆ విధంగా గడిచిపోయాయి.

డిసెంబరు 1వ తేదీ రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి సెకనుకు సుమారు 29 వేల ఘనపుటడుగుల నీటిని వదిలారు. అడయారు పొంగి మా వీధిలోని కింది అంతస్తులన్నీ మునిగిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు, విమానాశ్రయం మూతపడింది, రైళ్లు అనేకం రద్దయ్యాయి. మూడో రోజున మేడ మీద ఒక మూల కొద్దిగా సిగ్నల్ దొరికినప్పుడు, నాన్న 2వ తేదీ తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారనీ, భూస్థాపన కూడా ముగిసిందనీ తెలిసింది. ఆ తరువాత నన్ను పలకరించిన ప్రతివారూ “వరదలు వచ్చి పడ్డాయి, నువ్వు మాత్రం ఏం చేస్తావు” అని ఓదార్చారు. నేను తల ఊపాను. నా మొండితనాన్ని వరదనీటి కింద దాచిపెట్టి, నలుగురి జాలినీ స్వీకరించాను.

చెన్నైలో నేను వెళ్లే సంఘంలో నెలకు ఒకసారి, మొదటి ఆదివారం, తెలుగు ఆరాధనలో ప్రభురాత్రి భోజనం ఇస్తారు. 2016 జనవరిలో అయ్యగారు (మా పాస్టరు) బైబిలులో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం చదువుతూ, అయోగ్యముగా ఆ రొట్టెను తినేవాడు అపరాధి అవుతాడన్న వచనం దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు కదలలేదు. బల్ల దగ్గరికి వెళ్లకుండా నా స్థలంలోనే ఉండిపోయాను. ఆ తరువాతి నెలా అంతే. కొన్నాళ్లకు మొదటి ఆదివారం నాడు చివరి వరుసలో కూర్చొని, ఆ సమయానికి లేచి బయటకు వెళ్లిపోవడం అలవాటైంది.

అర్హత సంపాదించుకొని వెళ్దామనుకున్నాను. శుక్రవారాలు ఉపవాసమున్నాను, కానుకలు పెంచాను, గుడి ఊడ్చే పని కోరి తీసుకున్నాను. జేబులో పట్టే ఒక చిన్న నోటుపుస్తకం కొని, రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు చేసిన తప్పులన్నీ అందులో రాసుకోవడం మొదలుపెట్టాను: ఆఫీసులో ఆడిన అబద్ధం, భార్య మీద విసుగు, తోటి ఉద్యోగి మీద అసూయ. ఏడాది తిరిగేసరికి నా పాపాల గురించి నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. దేవుని గురించి మాత్రం కొత్తగా ఒక్క సంగతీ తెలియలేదు. పైగా ఇంట్లో నా కోపం పెరిగింది. తన తప్పులను రోజంతా లెక్కపెట్టుకొనేవాడు సాయంత్రానికి ఇతరుల తప్పులను కూడా లెక్కపెట్టకుండా ఉండలేడు. అపరాధభావం వల్ల మంచివాడిగా మారిన మనిషిని నేను ఇంతవరకు ఒక్కరినీ చూడలేదు, ఇకముందు చూస్తానని కూడా అనుకోవడం లేదు.

2019 అక్టోబరులో మొదటి ఆదివారం నాడు నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. నెల్లూరు నుంచి వచ్చి, చెన్నైలో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరైన ఆవిడ. నేను లేవబోతుండగా నా మోచేయి పట్టుకొని, “ప్రతి నెలా ఎక్కడికి వెళ్తావు నాయనా?” అని అడిగారు. అంత సూటిగా అడిగినవారు అంతకుముందు ఎవరూ లేరు. “నేను అయోగ్యుణ్ణండీ” అన్నాను. ఆవిడ తన ఒడిలోని బైబిలును తెరిచి, ఆ వచనం మీద వేలు పెట్టి, “ఇక్కడ అయోగ్యుడు అని ఎక్కడుంది? అయోగ్యముగా అని ఉంది. అది క్రియావిశేషణం. తినే తీరును గురించి చెప్పే మాట అది, తినేవాడిని గురించి కాదు” అన్నారు. తరువాత వేలిని కాస్త పైకి జరిపి 21వ వచనం చూపించారు. కొరింథులో కలిగినవారు ముందుగా వచ్చి తమ భోజనం తాము తినేసి మత్తులో ఉంటే, లేనివారు ఆకలితో ఉండిపోయేవారు. పౌలు మండిపడింది ఆ తీరు మీద. మళ్లీ కిందికి వచ్చి 28వ వచనం చూపించారు: ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, “ఆలాగుచేసి ఆ రొట్టెను తిని” అని ఉంది. “పరీక్షించుకొని ఇంటికి వెళ్లమనలేదు నాయనా, తినమన్నాడు” అన్నారు ఆవిడ.

నేను ఆ వచనాన్ని వందసార్లు చదివి ఉంటాను. ఒక ప్రత్యయాన్ని సరిగా చదవనందుకు నాలుగేళ్లు ఆకలితో కూర్చున్నాను. ఆ రోజు ఆవిడ వెనుకే నడిచివెళ్లి మోకరించాను. అయ్యగారు రొట్టె నా చేతిలో పెడుతూ “నీ కొరకు” అన్నప్పుడు, ఆ ఏకవచనం నన్నే ఉద్దేశించిందని మొదటిసారి తోచింది.

ఆ తరువాత అదే పత్రికను మొదటి నుంచి చదివాను. కొరింథు సంఘంలో చీలికలున్నాయి, కోర్టు తగాదాలున్నాయి, 5వ అధ్యాయంలో చెప్పడానికి నోరు రాని వ్యభిచారముంది. అయినా పౌలు రెండో వచనంలోనే వారిని పరిశుద్ధులని పిలిచాడు. ముందు పేరు పెట్టి పిలిచి, ఆ తరువాతే తప్పులు దిద్దాడు. మీరు బాధపడుతున్న సంగతి కూడా ఆయనకు తెలుసు: చేయగోరిన మేలు చేయక, చేయగోరని కీడు చేస్తున్నానని రోమా పత్రిక 7వ అధ్యాయంలో మొత్తుకున్నది ఆయనే. ఆ మొత్తుకోలు ముగియగానే 8వ అధ్యాయం మొదటి మాట, క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదని. మధ్యలో పౌలు బాగుపడినట్టు, అర్హత సంపాదించినట్టు ఒక్క వచనమూ లేదు. మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన లూథరు కూడా సన్యాసిగా ఉన్న రోజుల్లో తన సన్యాసి సంఘానికి పెద్ద అయిన స్టౌపిట్జ్ దగ్గర కొన్నిసార్లు గంటల తరబడి పాపాలు ఒప్పుకొనేవాడు, బయటకు రాగానే మరచిపోయినది గుర్తుకు వచ్చి మళ్లీ కుమిలిపోయేవాడు. తరువాతి కాలంలో నిరాశ కమ్మినప్పుడు ఆయన పట్టుకొన్నది తన బాప్తిస్మాన్ని. పసివాడిగా ఉన్నప్పుడు, తాను ఏమీ చేయకముందే, దేవుడు తనకు చేసిన పని అది.

ఈ సందర్భంలో ఒక ఫిర్యాదు కూడా చెప్పుకోవాలి. మన కూటాల్లో సాక్ష్యం అంటే ఈ మధ్య పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు చేసిన పాపాల వర్ణనే. తాగుడు, జూదం, ఇల్లు గుల్లయిన వైనం పూసగుచ్చినట్టు చెబుతారు. కృప దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యంతో ముగించి కూర్చుంటారు. వినేవారికి గుర్తుండేది పాపమే. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే సందేశాలైతే నేరుగా “నామకార్థ క్రైస్తవుడా, నీ గతి ఏమిటి?” అని మొదలవుతాయి. అలసిపోయి, సిగ్గుపడి, తలుపు దగ్గర నిలబడిన మనిషిని ఇంకా బయటకు నెట్టడాన్ని నేను సేవగా అంగీకరించలేను.

మనిషికి అతని తప్పునే పేరుగా పెట్టడం మనకు పాత అలవాటు. చెన్నైలో పరంగిమలై మెట్లెక్కినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకు వస్తుంది. ఆ కొండ మీదే యేసు శిష్యుడైన తోమా హతసాక్షి అయ్యాడని సంప్రదాయం చెబుతుంది, ఊరు ఆ కొండను ఆయన పేరుతోనే సెయింట్ థామస్ మౌంట్ అని పిలుస్తుంది. మన ప్రసంగాల్లో మాత్రం ఆయన ఇప్పటికీ సందేహించిన తోమాయే. యేసు మరణం నుంచి తిరిగి లేచాడన్న మాట మీద ఆయన సందేహం ఎనిమిది రోజులది. అంతకుముందు, యేసుతో యూదయకు తిరిగివెళ్తే ప్రాణాపాయమని అందరూ వెనుకాడినప్పుడు, ఆయనతోకూడ చనిపోవడానికి మనమూ వెళ్దామన్నది ఈ తోమాయే. ఆ ఎనిమిది రోజుల తరువాత ప్రభువు తలుపులు మూసి ఉన్న గదిలోకి మళ్లీ వచ్చి, తోమా చూడాలని పట్టుబట్టిన ఆ గాయాలనే చూపించాడు. “నా ప్రభువా, నా దేవా” అన్న మాట పుట్టింది అక్కడే.

ఇలా చెబితే పాపం చేయడానికి లైసెన్సు ఇచ్చినట్టు కాదా అని ఈ ప్రశ్నకింద ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని పౌలునే అడిగారు, అట్లనరాదని ఆయన జవాబిచ్చాడు. నా జవాబు నాకు జరిగిన సంగతే. నోటుపుస్తకం రాసిన నాలుగేళ్లలో అక్కకు నిజం చెప్పే ధైర్యం నాకు ఒక్కరోజూ రాలేదు. తప్పే నా పేరు అనుకున్నంత కాలం దాన్ని దాచుకోక తప్పలేదు; ఒప్పుకొంటే నేనంటూ మిగలనని భయం. నిజం చెప్పి శుద్ధుడనై బల్ల దగ్గరికి వెళ్లాలనుకున్నవాడిని, బల్ల దగ్గరి నుంచి వచ్చిన తరువాత ఆ మధ్యాహ్నమే ఫోను తీశాను. అందుకే మీకు చెబుతున్నాను, ముందు మానుకొని తరువాత వెళ్దామని ఆగకండి. వచ్చే బల్ల ఆదివారం నాడు వెళ్లండి. మానుకొనే బలం కావాలంటే మనం తినవలసినది అక్కడే ఉంది.

“అక్కా, ఆ నవంబరులో నేను సెలవు అడగనే లేదు” అన్నాను. అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “నాన్న నీ గురించి అడగలేదని చెప్పాను చూడు, నీ మనసు కష్టపడుతుందని అలా అన్నానురా. చివరి వారమంతా అడుగుతూనే ఉన్నారు. రైలు వేళకు గుమ్మం వైపు చూసేవారు” అన్నది. ఇద్దరమూ ఏడ్చాం. ఆ మాట నన్ను ఎంత కోసిందో రాయలేను, కానీ నేను దాన్ని విని నిలబడగలిగాను.

అదే ఏడాది, 2019 నవంబరు 2న, సమాధుల పండుగకు పిల్లవాడిని తీసుకొని గుంటూరు వెళ్లాను. అక్కా నేనూ కలిసి నాన్న సమాధికి సున్నం వేసి పూలు పెట్టాం. మావాడు బడిలో చదివేది తమిళం. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదువుతాడు. రాతి మీద చెక్కిన తాత పేరును వేలితో తడుముతూ, ముందున్న ఇంటిపేరును ఒక్కొక్క అక్షరమే పైకి చదివి, “ఇది మన పేరేనా నాన్నా?” అని అడిగాడు. మనదేనని చెప్పాను.