బుజ్జీ, రికార్డింగ్‌కి ముందు పేర్లు కాగితం మీద పెట్టు

ఒరేయ్ బుజ్జీ,

నువ్వూ ఆ గిటార్ కుర్రాడూ బోసా నోవా (అదే, బ్రెజిల్ సాంబాకి జాజ్ కలిసిన సంగీతం) ఆల్బమ్ చేస్తున్నారని, అతని భార్య కూడా ఒక పాట పాడుతోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా ఇంట్లో ఒకడు అమెరికా జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్ దారిలో పడ్డాడని మీ అత్త దగ్గర తెగ గొప్పలు పోయాను, కానీ ఆ "భార్య ఒక పాట" అన్న మాట దగ్గరే గుండె గుభేల్మంది.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తా. సాక్స్ మూతికి బిగించే రెల్లు ముక్కలు, అదే రీడ్స్, ఎక్స్‌ట్రా పెట్టుకో. ఏసీ రూమ్‌లో సాక్స్ వేడెక్కాకే ట్యూనింగ్ చూసుకో. జాజ్‌లోలా ఒక స్వరం సాగదీసి ఒకటి కుదిస్తూ స్వింగ్ చెయ్యకు, ఎయిత్ నోట్స్ (తాళం దెబ్బకి రెండేసి పడే స్వరాలు) సమానంగా పడాలి, గిటార్ బొటనవేలు తాళం పట్టుకుని పోతుంటే మిగతా వేళ్ళు దాన్ని తప్పించి పడతాయి, నువ్వు ఆ సందుల్లో ఊపిరి తీసుకుంటూ తేలాలి, అంతేగానీ వచ్చిన స్కేల్స్ అన్నీ ఒలకబోయకూడదు. గెట్జ్ గొప్ప అదే కదా, టెనర్ సాక్స్ మీద గాలి ఎక్కువ, గోల తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. 1961లో చార్లీ బర్డ్ అనే గిటారిస్టు అమెరికా గవర్నమెంట్ టూర్ మీద దక్షిణ అమెరికా వెళ్ళి, ఈ సంగీతం మోజులో పడి, వెనక్కొచ్చి గెట్జ్‌కి వినిపించాడు. 1962 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో ఒక చర్చి హాల్లో ఇద్దరూ కలిసి "జాజ్ సాంబా" రికార్డ్ చేశారు. అందులో "డిసఫినాడో" అనే పాటకి గ్రామీ అవార్డు వచ్చింది, ఎవరికి? ఒక్క గెట్జ్‌కే. ఆ సంగీతం తెచ్చిన బర్డ్ తర్వాత రాయల్టీ కోసం కోర్టుకెక్కాల్సొచ్చింది.

ఇంకా ఘోరం 1963 మార్చిలో న్యూయార్క్‌లో, "గెట్జ్/జిల్బెర్టో" ఆల్బమ్ రికార్డింగ్‌లో. బ్రెజిల్ గాయకుడు జోవావ్ జిల్బెర్టో గిటారూ గొంతూ, పాటలు కట్టిన జోబిమ్ పియానో, మన గెట్జ్ టెనర్. ఇంగ్లీషు చరణాలు పాడ్డానికి జోవావ్ భార్య ఆస్ట్రూడ్‌ని మైక్ ముందు నిలబెట్టారు, అప్పటిదాకా ఆవిడ పాట ఒక్కటీ రికార్డుగా రాలేదు. ఆ పాటని విడిగా సింగిల్ రికార్డుగా వేసేటప్పుడు జోవావ్ పోర్చుగీసు భాగం మొత్తం కోసేసి ఆవిడ గొంతే ఉంచారు, "గర్ల్ ఫ్రమ్ ఇపనీమా" ప్రపంచమంతా మోగింది, 1965లో గ్రామీలూ వచ్చాయి. ఆల్బమ్ అట్ట మీద ఆవిడ పేరు లేదు! చేతికొచ్చింది 120 డాలర్ల సెషన్ ఫీజేనంటారు. గెట్జ్ టోన్ వింటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, కానీ ఆ అట్ట చూస్తే ఒళ్ళు మండుతుంది.

నీకిది చాదస్తంగా ఉంటుంది, "మావయ్యా, మేం ఫ్రెండ్స్" అంటావు. వాళ్ళూ ఫ్రెండ్సేరా, అక్కడైతే మొగుడూ పెళ్ళామే! మా రోజుల్లో స్టూడియోల్లో కవరు చేతిలో పెట్టి పంపేసేవాళ్ళు, క్యాసెట్ మీద మా పేర్లుండేవి కావు, సాయంత్రం టీ దుకాణంలో మా బిట్ వినిపిస్తే అది నేనే అని ఎవరికి చెప్పను?

అందుకని మొదటి టేక్‌కి ముందే కాగితం రాసుకోండి: ఎవరెవరి పేర్లు కవర్ మీద, స్ట్రీమింగ్ డబ్బుల్లో ఎవరికెంత వాటా, సింగిల్ కట్ చేస్తే ఎవర్ని అడగాలి. ఆ అమ్మాయితో కూడా సంతకం పెట్టించు, ఆమె తరఫున మొగుడు పెడతానంటే ఒప్పుకోకు. నువ్వే ముందు అడుగు, సాక్స్‌వాడు అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఇంకోటి, గెట్జ్ టోన్ నేర్చుకో, అలవాట్లు వద్దు. మత్తు కోసం 1954లో సియాటిల్‌లో మందుల షాపు దోచుకోబోయి జైలుకెళ్ళాడు మహానుభావుడు. నైట్ షోలు అయ్యాక సరిగ్గా తిని పడుకో, చిక్కిపోయావని మీ అమ్మ ఒకటే బాధ.

మొదటి మిక్స్ నాకు పంపు. ఆ పిల్ల గొంతు మీదకి నీ సాక్స్ ఎక్కిందంటే మాత్రం ఫోన్ చేసి తిడతా.

మీ మావయ్య