నెమలి గదా, బర్మా గదా?

ప్రశ్న: అక్కా, ఈ డిసెంబరుకు మా పెండ్లయి ముప్పయ్యేండ్లు. తమిళనాడులో కారైకుడి దగ్గర పాత చెట్టియార్ల బంగళాను హోటల్ చేసిన్రట. పిల్లలు అందులో రెండు రాత్రులు బుక్ చేస్తమంటున్నరు. గదికో పేరు, గదికో అలంకారం. ‘నెమలి గది’ కావాల్నా, ‘బర్మా గది’ కావాల్నా తేల్చుకోమని ఫొటోలు పంపిన్రు. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు. “తాతల ఇల్లు పడగొట్టి స్లాబు ఏసుకున్నది, మళ్ల పైసలిచ్చి పాతింట్ల పండెతందుకేనా?” అంటున్నడు. ఏం చేయాలె?
ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: చెల్లె, మీ ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు. మూడేండ్ల కింద అక్కడికి పోయేముందు మా ఆయనా ఇదే అడిగిండు. వచ్చినంక మాత్రం ఇంటికొచ్చినోళ్లందరికీ ఆ ఇంటి నేల గురించి చెప్పేది ఆయనే. పోయి రండి. కాకపోతే పేరు చూసి గది తీసుకోవద్దు.

నేను వనపర్తి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివిన. 1959లో మొదలైన ఆ కాలేజీ నడిచింది వనపర్తి రాజుల ప్యాలెస్‌లనే. మూడేండ్లు రాజావారి మేడలో కూసొని కాంక్రీటు పాళ్లు బట్టీ పట్టినం గానీ, వీపు ఆనించిన గోడ దేంతో కట్టిన్రో పట్టించుకోలే. ఒకనాడు సారు తన స్కూటర్ తాళంచెవితో గోడ మీద టకటక కొట్టి, “ఇది సిమెంటు కాదు, గానుగల నూరిన డంగు సున్నం” అన్నడు. అప్పటిసంది పాత ఇల్లు కనబడితే వేలితో కొట్టి చూసే రోగం పట్టుకున్నది నాకు.

నెమలి, బర్మా అన్నవి హోటలోళ్లు నిన్నగాక మొన్న పెట్టిన పేర్లు. ఫోన్ చేసి “ఈ గది ఎనకట దేనికి వాడేటోళ్లు?” అని అడుగు. చెట్టినాడు, అంటే కారైకుడి చుట్టున్న చెట్టియార్ వ్యాపారుల సీమ. అక్కడి ఇండ్లల్లో నడుమ పెద్ద ముంగిలి, దాని చుట్టూ వరుసగా చిన్న గదులు. పెండ్లయిన కొడుకులకు తలా ఒకటి. సామాను దాసుకునేందుకూ అవే. అందుకే తలుపు మీది చెక్కడం చూస్తే కండ్లు చెదురుతయి, లోపల కిటికీ ఉంటే అదృష్టం. దాంట్లనే డబుల్‌కాట్ ఏసి, ఓ మూలకు బాత్రూం కడితే నడిచే జాగ ఎంత మిగులుతది? మేడ మీది గదులకు గాలి బాగనే వస్తది గానీ, పడమటి గోడ అయితే పొద్దు వాలేదాకా ఎండ తాగి, సగం రాత్రి మన మీద కక్కుతది. మందం గోడలు చల్లగుంటయన్న మాట సగమే నిజం.

మేం ఫొటో చూసి మోసపోయినం. గోడంతా ముదురాకుపచ్చ రంగు, దాని మీద బర్మా గుర్తుగా రంగురంగుల గొడుగుల బొమ్మలు. మొదటి రాత్రి దిండు మీద అప్పడమంత పెచ్చు పడ్డది. లేచి లైటేసి చూస్తే తలాపున గోడ పొక్కులు పొక్కులుగా ఉబ్బి ఉన్నది. పాత ఇండ్ల పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలో తడి గోడలోకి ఎక్కుతది, సున్నపు గోడ దాన్ని మెల్లగ గాలికి ఇడిసిపెడతది. దాని మీద ప్లాస్టిక్ పెయింట్ కొడితే, ముక్కు మూసినట్టే. తడి పోయే దారి లేక రంగును తోసుకొని బయటికొస్తది. పక్క గదికి పేరూ లేదు, బొమ్మా లేదు. ఒకప్పుడు లెక్కలు రాసుకున్న గదట. గోడకు కోడిగుడ్డు తెల్లసొన కలిపి నునుపు తేల్చిన పాత పూత. చెంప ఆనిస్తే కడిగి బోర్లించిన పింగాణి పళ్లెం తాకినట్టు ఉన్నది. కొట్లాడి రెండో రాత్రికి అందులోకి మారినం, కిరాయి కూడా తక్కువే.

కాబట్టి మంచం ఫొటో కాదు, మంచం తలాపున గోడ అడుగు ఫొటో పంపమను. అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతయి. పెండ్లి తారీఖు మార్చలేం గానీ ప్రయాణాన్ని జనవరికి జరుపుకోవచ్చు.

మోకాళ్ల సంగతి: కింది అంతస్తే తీసుకోండి. ఆ ఇండ్లల్లో గడపలు ఎత్తు, మెట్లు నిటారు. బాత్రూంలకు కమోడ్ ఎట్లాగూ ఉంటది, లోపలికి దిగే మెట్టు ఎంత ఎత్తో అడుగు. ఇది అడగనందుకు మా అత్తమ్మను రెండు రోజులు చెయ్యి పట్టుకొని తిప్పిన.

మీ ఆయనను ఒక పూట ఆత్తంగుడికి తీస్కపో. నేల బిళ్లలు చేతితో చేసే ఊరు. అద్దం మీద ఇనుప చట్రం పెట్టి, రంగులు పోసి, వెనుక ఇసుక, సిమెంటు నింపుతరు. బట్టీలో కాల్చుడు లేదు, నీళ్లల్లో నానబెట్టుడే. అద్దం మీది నునుపే బిళ్లకు వస్తది. ఇంట్లో స్తంభాలు బర్మా టేకువి. చెట్టియార్ల వడ్డీ వ్యాపారం ఎక్కువగా అక్కడ సాగింది మరి. 1942లో జపానోళ్లు బర్మాను పట్టుకున్నంక చాలామంది ఆస్తులు ఇడిసిపెట్టి రావాల్సొచ్చింది. ఆ గోడ మీద గొడుగులకు బదులు ఈ ముచ్చట రాసి పెడితే నేను పెచ్చుల సంగతి కూడా మర్చిపోదును.

ఇంకోటి, వెనుక వంటింటి ముంగిలి కూడా చూపించమను. నల్లగొండ దిక్కు దొరల గడీల గురించి మా అమ్మమ్మ అనేది: “మేమెన్నడూ ముందు దర్వాజ చూడలే బిడ్డా, మా తొవ్వ ఎనకనే.” ఏ పెద్దింటికి పోయినా నేను ముందుగాల ఎనకకే పోత.

ప్రశ్న: మన పాలమూరులో అట్లాంటి చోటు లేదా మేడం? గద్వాల కోట, వనపర్తి ప్యాలెస్ ఉన్నయి కదా.
ఒక పాఠకుడు, కొత్తకోట

జవాబు: తమ్ముడూ, ఆ రెండూ పగటిపూట చూసొచ్చేవే. గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి ఉన్నది, పొద్దుగాల పో. వనపర్తిది కాలేజీ, క్లాసులు లేని పూట అడిగి చూడు. మన దగ్గర ప్యాలెస్‌లోనే పండాలంటే హైదరాబాద్ ఫలక్‌నుమా. 2010 నుంచి తాజ్ వాళ్లు హోటల్‌గా నడిపిస్తున్నరు, 60 గదులు, 101 మంది ఒకేసారి కూసొని తినే బల్ల. బయట ‘హెరిటేజ్’ అని బోర్డు పెట్టిన ప్రతిదాన్నీ నమ్మకు. కేంద్ర పర్యాటక శాఖ ఆ వర్గీకరణ ఇచ్చేది 1950కి ముందు కట్టిన వాటికే. సర్టిఫికెట్ ఉన్నదా అని అడుగు. లేదంటే గోడ మీద తాళంచెవితో కొట్టి చూడు.