గ్యాస్ వచ్చే చోట బావి చల్లబడుతుందా?

ప్రశ్న: చమురు బావిలో కేసింగ్ పైపుకి (బావి గోడకి సిమెంటుతో బిగించే ఉక్కు పైపు) నాలుగైదు లోతుల్లో రంధ్రాలు పెడతారు, పైకి మాత్రం అంతా కలిసే వస్తుంది. ఏ రాతి పొర చమురో గ్యాసో ఇస్తోందో, ఏది ఊరికే ఉందో ఉష్ణోగ్రత కొలిచి చెప్పేస్తారని చదివాను. లోతుకి వెళ్లేకొద్దీ వేడి ఎలాగూ పెరుగుతుంది కదా, ఇక అందులో తెలిసేదేముంది? పైగా గ్యాస్ వచ్చే చోట చల్లగా ఉంటుందట, నిజమేనా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: నిజమే. వేడి పెరగడం మామూలు సంగతే, చాలాచోట్ల కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీలు. పైన 25 ఉంటే 2,500 మీటర్ల దగ్గర సుమారు 90 నుంచి 100 అన్నమాట. చూడాల్సింది ఆ వేడిని కాదు, ఆ లెక్క ఎక్కడ తప్పిందో దాన్ని. పరికరాన్ని బావిలోకి దించి, ఏ లోతులో ఎంత ఉష్ణోగ్రత ఉందో ఒక గీతగా గీస్తారు. పనిచేస్తున్న పొరల్లో అన్నింటికన్నా కింద ఉన్నదానికి దిగువన బావిలో కదలిక ఉండదు కాబట్టి, అక్కడ గీత భూమి ఉష్ణోగ్రతకి అంటిపెట్టుకునే ఉంటుంది. కింద నుంచి చూస్తూ వస్తే, గీత మొదటిసారి పక్కకి జరిగిన చోటే ఆ పొర ఉందని అర్థం.

గ్యాస్ రాతిలోంచి పైపులోకి దూరేటప్పుడు పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. అణువులు ఒకదాన్నొకటి విడిపించుకుని దూరం జరగడానికి కావాల్సిన శక్తి ఆ గ్యాస్ వేడిలోంచే పోతుంది, అందుకే అక్కడ గీత ఎడమకి, అంటే చల్లని వైపుకి, గుంటలా పడుతుంది (జౌల్-థామ్సన్ ప్రభావం ఇదే). చమురు, నీళ్లయితే ఉల్టా, కొద్దిగా వేడెక్కుతాయి. పీడనం విపరీతంగా ఉన్న బావుల్లో గ్యాస్ కూడా వేడెక్కవచ్చు, అదో తలనొప్పి.

కానీ చల్లబడిందంటే గ్యాసే అనుకుంటే బోల్తా పడతారు. అడుగు నుంచి పైకొచ్చే చమురు చుట్టూ ఉన్న రాయి కన్నా వేడిగా ఉంటుంది, దాంట్లోకి పై పొర నుంచి ఆ లోతు వేడితోనే చమురు కలిస్తే మిశ్రమం చల్లబడి గీతలో చిన్న మెట్టు పడుతుంది. గ్యాస్ ఒక్క చుక్క లేకపోయినా! ఆ మెట్టు ఎంత పెద్దదో చూసి పై పొర వాటా ఎంతో అంచనా కడతారు. అందుకే బావి మూసి ఉంచి ఒకసారి, పారుతుండగా ఒకసారి కొలిచి రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అదీ పరికరం కిందికి దిగుతున్నప్పటి కొలతే నమ్మాలి, పైకి లాగేటప్పటికి అది ద్రవాన్ని కలిపేసి ఉంటుంది.

ప్రవాహాన్ని కొలిచే స్పిన్నర్ ఉండగా ఇదెందుకని అడగొచ్చు. స్పిన్నర్ పైపు లోపల జరిగేదే చూస్తుంది. ఉష్ణోగ్రతకి పైపు వెనక సంగతీ తెలుస్తుంది. రంధ్రాలే లేని చోట గీత వంకర తిరిగిందంటే, సిమెంటు సరిగా పట్టక పైపు వెనకనుంచి ఏదో పాకుతోందేమోనని అనుమానించాలి.

అడ్డంగా తవ్విన బావుల్లో లోతు పెద్దగా మారదు, అంటే భూమి వేడీ మారదు. తేడాలు డిగ్రీలో పదో వంతు దగ్గరే ఉండొచ్చు, అక్కడ బావి పొడవునా ఆప్టికల్ ఫైబర్ వేసి దాదాపు మీటరు మీటరుకీ ఉష్ణోగ్రత చదువుతారు.